ఎత్తుకునే గొంతు, అందుకునే గొంతులు

మంగోలియా దేశపు రాజధాని ఉలాన్‌బాతర్. ఆ పేరుకు ఎఱ్ఱని వీరుడు అని అర్థం. అందులోని ‘బాతర్’ అనే మాట మనకు బొత్తిగా క్రొత్తది కాదు. అది పారసీకం మీదుగా ప్రయాణం చేసి, ఢిల్లీ దర్బారులలో ‘బహదూర్’ అయి, నిజాం రాజ్యంలో బిరుదుల చివర చేరి, కడకు మన పల్లెలలో పంతం పట్టిన పిల్లవానిని ‘ఓహో, పెద్ద బహద్దూరువే!’ అని వేళాకోళం చేయడానికి కూడా పనికివచ్చినది. మాట ఇంత దూరం నడిచి వచ్చినది గాని, ఆ దేశపు పాట మన చెవికి చేరడానికి మిక్కిలి ఆలస్యమైనది. రేడియో, గ్రామఫోను పలకలు, ఆపైన చేతిలోని ఫోను వచ్చిన తరువాతనే అది మనకు వినబడినది.

మంగోలు జానపద సంస్కృతిని ఆధారంగా చేసుకొని నేటి స్వరకర్తలు కూర్చిన బృందగానాన్ని గురించి ఈ ప్రసంగంలో ముచ్చటించదలచినాము. అయితే ఆ గానాన్ని మేము మొదట శ్రద్ధగా విన్నది ఏ పట్టణపు సంగీతసభలోనో కాదు. నారాయణఖేడ్ దాపున ఒక పల్లెలో, వేపచెట్టు క్రింద, పదిమంది ఆడవారి మధ్య కూర్చుండి విన్నాము. వారు దానిని విని అడిగిన ఒక ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వదలలేదు. ఆ ప్రశ్న కోసమే ఈ వ్యాసం.

నారాయణఖేడ్ ఎక్కడ ఉన్నదో హైదరాబాదు వారికి కూడా అందరికీ తెలియదు. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండి, ఆ ఏడు అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరినది. పడమటి దిక్కున కర్ణాటక సరిహద్దు, ఆ దాపుననే బీదరు. ‘ఖేడ్’ అంటే ఊరు. ఆ మాట మరాఠీ నేలలో వాడుకగా వినబడుతుంది. బజారులో నిలబడితే తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ ఛాయలు కలగలసి చెవిన పడతాయి. వీటికి తోడు ఆ చుట్టుప్రక్కల లంబాడీ తండాలు అనేకం. నల్లరేగడి భూములలో జొన్న, కంది, పత్తి పండుతాయి. ఇన్ని భాషలు ఉన్నచోట పాటకు భాషతో అట్టే పని ఉండదు. మంగోలు పాటను అక్కడకు తీసుకొని పోవడానికి మాకు ధైర్యం కలిగించినది ఇదే.

ముందు ఆ దేశపు పాట సంగతి కొంత చెప్పవలెను.

మంగోలులు పశుపాలకులు. గుఱ్ఱాలు, ఒంటెలు, గొఱ్ఱెలు, మేకలు, పశువులు వారి సంపద. మేత కోసం ఋతువును బట్టి గుడారాలు ఎత్తి వేరొక చోట దించుతారు. పొరుగు గుడారం కంటి చూపుకు ఆనని దూరంలో ఉంటుంది. అటువంటి చోట పాట సహజంగా ఒంటరి గొంతుది. వారి పాటలలో మకుటాయమానమైనది ‘ఉర్తీన్ దూ’, అనగా దీర్ఘగీతం. పాట పొడవు వల్ల వచ్చిన పేరు కాదు. ఒక్కొక్క అక్షరాన్ని సాగదీసి సాగదీసి పాడటం వల్ల వచ్చినది. నాలుగు నిమిషాలు పాడే పాటలో పది మాటలు మాత్రమే ఉండవచ్చునట! మన సంగీతంలో ఆలాపన విన్నవారికి ఇది వింత అనిపించదు. ఆలాపనలో మనము మాటను పూర్తిగా విడిచిపెడతాము. వారు మాటను విడువకుండా ఆకాశం వరకు సాగదీస్తారు. ఈ గానాన్ని 2005లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వంలోని ఉత్తమ కృతులలో ఒకటిగా ప్రకటించినది.

రెండవది ‘ఖూమీ’. ఒకే మనిషి ఒకే కాలంలో రెండు స్వరాలు పలికించే విద్య ఇది. మొదటిసారి విన్నవారు ఎక్కడో పిల్లనగ్రోవి దాచిపెట్టినారని అనుమానించడం కద్దు. అందులో మాయ ఏమీ లేదు. ఏ గొంతు పలికినా ఒక్క స్వరం మాత్రమే పలకదు; ఆ అడుగు స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కంపనాలు గల సన్నని స్వరాలు కూడా దానిలో లీనమై ఉంటాయి. అడుగు స్వరం సెకనుకు 150 కంపనాలు గలదైతే, పైన 900, 1050, 1200 కంపనాల స్వరాలు కూడా ఉంటాయన్నమాట. సాధారణంగా అవి విడిగా వినిపించవు. ఖూమీ గాయకుడు నాలుకను, పెదవులను, నోటిలోని ఖాళీని ఒక విధంగా అమర్చి, వాటిలో తనకు కావలసిన ఒక్కదానిని పైకి తెస్తాడు. మన ఇండ్లలో తంబుర ఉన్నవారు దీనిని స్వయంగా పరీక్షించవచ్చును. శ్రుతి చక్కగా చేరిన తంబురను మీటి చెవి ఒగ్గి వింటే, ఎవరూ మీటని అంతర గాంధారం తనంతట తాను పలుకుతుంది. దానిని మన పెద్దలు స్వయంభువు అన్నారు. తంబురలో ఆ గాంధారం ఎక్కడ నుంచి పుడుతున్నదో, మంగోలు గాయకుని నోటిలోని ఈల కూడా అక్కడ నుంచే పుడుతున్నది.

మూడవది వాద్యం. ‘మోరిన్ ఖూర్’ అంటే గుఱ్ఱపు తల గల ఫిడేలు. రెండే తంతులు, పూర్వం నుంచి ఆ తంతులు గుఱ్ఱపు వెంట్రుకలతో పేనినవే. ఈ వాద్యాన్ని మనుష్యులకే గాక పశువులకు కూడా వినిపిస్తారు. ఈనిన ఒంటె తన పిల్లను దగ్గరకు రానీయకపోతే, ఇంటివారు దాని ప్రక్కన నిలిచి మెల్లగా ఒకే పలుకును మరల మరల పాడుతూ, వాద్యం వాయిస్తూ, తల్లి మనసు కరిగే వరకు బుజ్జగిస్తారు. 2015లో యునెస్కో ఈ ఆచారాన్ని సత్వరంగా కాపాడవలసిన వాటి పట్టికలో చేర్చినది. దూడ చనిపోయిన ఆవును చేపించడానికి మన రైతులు పడే పాట్లు చూచినవారికి ఈ దృశ్యం అర్థమౌతుంది.

ఇక అసలు విషయం. ఈ సంప్రదాయంలో బృందగానానికి చోటెక్కడ? నిజానికి పాశ్చాత్యులు ‘కోయిర్’ అనే నాలుగు అంతస్తుల బృందగానం స్టెప్పీ మైదానాలలో పుట్టినది కాదు. అందులో స్త్రీల గొంతులు ఎగువ, దిగువ అని రెండు జట్లు. పురుషుల గొంతులు కూడా అట్లే రెండు జట్లు. నలుగురూ నాలుగు వేర్వేరు స్వరాలు పాడుతుండగా అవి కలసి ఒక నిండుదనం ఏర్పడుతుంది. ఇది ఐరోపా దేవాలయాలలో పెరిగి, ఇరువదవ శతాబ్దంలో సోవియట్ ప్రభావంతో మంగోలియాకు చేరినది. చైనాలోని ఇన్నర్ మంగోలియా ప్రాంతంలో 1987లో అక్కడి రేడియో, టెలివిజన్ కళాసంస్థ ప్రాపున మంగోలు యువతీయువకుల బృందం ఒకటి ఏర్పడినది. ఒక రేడియో సంస్థ చేతిమీదుగా ఈ పని జరగడం రేడియో శ్రోతలమైన మనకు సంతోషం కలిగించే విషయం.

అటువంటి బృందాల కోసం రచన చేసిన స్వరకర్తలలో సే ఎంఖ్‌బయర్ ఒకరు. ఆయన కూర్పులలో దేశదేశాల గాయక బృందాలు అభిమానించి పాడుతున్నది ‘నైమన్ షరగ్’. ఎనిమిది గోధుమవన్నె గుఱ్ఱాలు అని దాని అర్థం. మూలంలో అది జానపద గీతమే. స్వరకర్త దానిని తీసుకొని, కొన్ని గొంతులకు గుఱ్ఱపు డెక్కల నడకను అప్పగించినాడు. కొన్నింటికి వరసను అప్పగించినాడు. వాద్యం ఒక్కటి కూడా లేకుండానే మైదానంలో మంద పరుగెత్తుతున్న భ్రాంతి కలుగుతుంది. నాలుగు జట్ల గొంతులు ఒకదానితో ఒకటి ఎక్కడా ఒరుసుకోవు. దీనికి కారణం మంగోలు వరసలు ప్రాయికంగా ఐదు స్వరాలవి కావడమే. మన మోహన రాగం వంటి స్వరకూటమి అనుకోండి. అందులో ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి రాపిడి కలిగించే స్వరాలు లేవు గనుక, ఏ రెండింటిని కలిపి పలికించినా చెవికి ఇంపుగానే ఉంటుంది. నిషాదమూ షడ్జమమూ ఒకేసారి పలికితే కలిగే గీతకు అక్కడ అవకాశమే లేదు.

ఈ ‘నైమన్ షరగ్’నే ఆ వేపచెట్టు క్రింద వినిపించినాము. బతుకమ్మ పాటలు సేకరించే పని మీద పోయి, ఆ పని అయిన తరువాత, మీ పాట మాకు ఇచ్చినారు, మా వద్ద ఉన్న దూరదేశపు పాట ఒకటి మీరు వినండి అన్నాము. డెక్కల చప్పుడు రాగానే పిల్లలు నవ్వినారు. ఒక తండా నుంచి వచ్చిన యువతి, గుఱ్ఱమా, ఎద్దా అని అడిగినది. ఆమె అడగడంలో న్యాయం ఉన్నది. రైళ్ళు రాని కాలంలో బంజారాలు వేల ఎద్దుల మీద ధాన్యమూ ఉప్పూ కెక్కించి దక్కను అంతటా బిడారులు నడిపినవారు. మొగలు సేనలకు తిండి చేర్చినదీ వారే. మంగోలుకు గుఱ్ఱం ఎట్లో వారి తాతలకు ఎద్దు అట్లు.

ఆ గుంపులో ఒక అవ్వ ఉన్నది. ఆ ఊరి బతుకమ్మకు ఆమెదే మొదటి గొంతు. చివరి వరకు కదలక విని, ఇట్లా అన్నది: “మంచిగ ఉన్నది బిడ్డా. గని గిండ్ల ఎత్తుకునేటిది ఎవ్వరు, అందుకునేటోళ్ళు ఎవ్వరు? అందరు ఒక్కపారే పాడవట్టిరి. మరి ఇనేటోళ్ళెవ్వరు?”

మేము జవాబు చెప్పలేకపోయినాము. వినేవారు సభలో కుర్చీలలో కూర్చుంటారని చెప్పవచ్చును గాని, ఆమె అడిగినది దానిని గురించి కాదు.

బతుకమ్మ పాట నడకను జాగ్రత్తగా గమనిస్తే ఆ ప్రశ్నలోని లోతు తెలుస్తుంది. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగిసే ఆ తొమ్మిది దినాలు, తంగేడు, గునుగు, బంతి, చామంతి పేర్చిన పూలగోపురం చుట్టూ స్త్రీలు వలయంగా తిరుగుతారు. ఒకామె చరణాన్ని ఎత్తుకుంటుంది. చివర ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో ఒక పలుకు వస్తుంది. ఆ పలుకు పూర్తికాక ముందే మిగతా అందరూ అదే చరణాన్ని అందుకుంటారు. వారు ముగించే లోపల ఆమె తరువాతి దానికి సిద్ధమౌతుంది. వరస నాలుగైదు స్వరాలను మించదు. ఏడేండ్ల పిల్లకూ డెబ్బై ఏండ్ల ముసలమ్మకూ ఒకే శ్రుతిలో అందుతుంది. చప్పట్లే తాళం, అడుగే లయ.

ఇందులో అందుకునే గొంతులు చేసే పని మూడు విధాలుగా ఉన్నది. వారు అందుకున్నంతసేపు మొదటి ఆమెకు ఊపిరి చిక్కుతుంది. తిరిగి పలకడం వల్ల పాట రానివారికి పాట వస్తుంది. ఆ వలయం ఒక బడి. అన్నింటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి. అందరూ చరణం తిప్పి పాడే ఆ కొద్ది క్షణాలలో మొదటి ఆమె తరువాతి చరణాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవచ్చును, లేదా క్రొత్తగా కట్టవచ్చును. ఊరికి వచ్చిన కరువు, చెరువుకు పడిన గండి, అత్తింట కాలు పెట్టిన ఆడపడుచు పడే బాధ ఇట్లానే పాటలోకి వచ్చినవి. అంటే అందుకునేవారు లేకపోతే పాట పెరగదు. ఉన్న పాట ఉన్నట్లు మిగులుతుంది, అంతే.

తండాలలో శ్రావణ మాసపు తీజ్ పండుగ కూడా ఇటువంటిదే. పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టలలో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది దినాలు వాటికి నీరు పోస్తూ, చుట్టూ తిరిగి పాడుతారు. భాష వేరు, దేవత వేరు, పైరు వేరు. వలయం మాత్రం ఒక్కటే, ఎత్తుకొని అందుకోవడం ఒక్కటే. నారాయణఖేడ్ ప్రాంతంలో ఈ రెండు వలయాలు కూతవేటు దూరంలో తిరుగుతాయి. ఒకదానిలోని పిల్ల మరొకదాని వరసను కూనిరాగం తీయడం మేము చెవులారా విన్నాము.

తెలుగుదేశంలో ఈ పద్ధతి స్త్రీల పాటలకే పరిమితం కాదు. బుఱ్ఱకథలో కథకునికి ఇరుప్రక్కలా వంతలు ఇద్దరు లేకపోతే కథ సాగదు. ఒగ్గుకథ చెప్పేవాని వెనుక పాట అందుకునేవారు ఉండితీరవలెను. ‘వంత పాడుట’ అనే నుడికారానికి నేడు ముఖస్తుతి అనే చెడ్డ అర్థం వచ్చిపడినది గాని, వంత పాడడం నిజానికి బాధ్యత గల పని. వంత తప్పితే కథకుని నోట మాట ఆగిపోతుంది. జానపద గేయాలను విశ్వవిద్యాలయ స్థాయిలో పరిశోధించి, 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే గ్రంథాన్ని వెలువరించిన ఆచార్య బిరుదురాజు రామరాజు గారి తరువాత, పాటల సాహిత్యం మీద ఎంతో కృషి జరిగినది. ఆ పాటను పదిమంది కలసి ఏ విధంగా నడుపుతారు అనే విషయం మీద మాత్రం అంత శ్రద్ధ కనబడదు.

మన దేశంలో ఆధునిక బృందగానానికి ఆద్యులలో ఒకరు మన చిత్తూరులో పుట్టినవారే. ఎం.బి. శ్రీనివాసన్ గారు 1925లో జన్మించినారు. చలనచిత్ర సంగీతంలో, ముఖ్యంగా మలయాళ చిత్రాలలో పేరు గడించి, 1970ల ఆరంభంలో మద్రాసు యువగాయక బృందాన్ని స్థాపించినారు. పాశ్చాత్యుల బహుస్వర పద్ధతిని భారతీయ భాషల పాటలకు మన రుచి చెడకుండా ఏ విధంగా అన్వయించవలెనో ఆయన చేసి చూపినారు. 1980లలో బడిపిల్లలు పలు భాషల పాటలను కలసి పాడే ఉద్యమానికి ఆయన ప్రాణం పోసినారు. 1988లో లక్షద్వీపంలో ఉండగా కన్నుమూసినారు. ఆయన ఎదుర్కొన్న చిక్కు మామూలుది కాదు. మన స్వరం నిలకడగా నిలబడదు, గమకంతో ఊగుతుంది. ఊగే స్వరం ప్రక్కన మరొక ఊగే స్వరాన్ని నిలిపితే రెండూ కొట్టుకుంటాయి. అందువల్ల బృందగానానికి రాగసంగీతం కంటె జానపద వరసలే ఎక్కువగా ఒదుగుతాయి. అందులో గమకం తక్కువ, స్వరం సూటిగా పలుకుతుంది, లయ గట్టిది. మంగోలు స్వరకర్తలకు కలిసివచ్చిన ఈ సదుపాయం తెలుగు స్వరకర్తకు కూడా ఉన్నది.

అయితే మన జానపద వరసను తీసుకొని మంగోలులవలె నాలుగు అంతస్తులలో పేర్చితే సరిపోతుందా? మేము మొదట సరిపోతుందనే అనుకున్నాము.

కొన్నేండ్ల క్రితం ఆ ప్రయత్నం కూడా చేసినాము. అదే ప్రాంతం నుంచి ఎనిమిదిమంది స్త్రీలను పట్టణంలోని ఒక ధ్వనిముద్రణ గదికి పిలిపించినాము. వారిని వరుసగా నిలబెట్టినాము. మైకు ముందు ఒక్కొక్కరికి చోటు గీచి, అక్కడ నుంచి కదలవద్దని చెప్పినాము. చప్పట్లు వద్దన్నాము, ముద్రణలో టపటపమని వినబడుతాయని మా భయం. నలుగురికి పై స్వరం, నలుగురికి క్రింది స్వరం నేర్పినాము. హార్మోనియం పట్టుకొని మధ్యాహ్నం వరకు శ్రమపడినాము. వారు పాపం చెప్పినది చెప్పినట్లు పాడినారు. ముద్రించినది విన్నప్పుడు శ్రుతిలో తప్పు లేదు, తాళంలో తప్పు లేదు, పాట మాత్రం లేదు. బడిలో ఎక్కం ఒప్పజెప్పినట్లు ఉన్నది. వారిలో ఒకామె తిరిగి పోతూ, ‘ఒకళ్ళ మొకం ఒకళ్ళకు అగుపడకపాయె’ అన్నది. వరుసలో నిలబడినవారికి ప్రక్కవారి ముఖం కనబడదు గదా! వలయంలో ఎదుటివారి పెదవులు చూచి చరణం అందుకునే అలవాటు వారిది. తప్పు పూర్తిగా మాదే.

ఇది మా ఒక్కరి తప్పిదమైతే ఇక్కడ చెప్పవలసిన పని లేదు. ఇప్పుడు ఊళ్ళలోనే వేరొక రూపంలో ఇదే జరుగుతున్నది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించినారు. 2016 అక్టోబరులో హైదరాబాదు ఎల్.బి. స్టేడియంలో 9 వేలకు పైగా స్త్రీలు ఒకేసారి ఆడి గిన్నిస్ పుస్తకానికి ఎక్కినారు. ఏటేటా క్రొత్త బతుకమ్మ పాటలు ముద్రితమై వస్తున్నవి, 2021లో ఏ.ఆర్. రహమాన్ సంగీతం కూర్చిన ‘అల్లిపూల వెన్నెల’ వంటి వినసొంపైన రచనలు కూడా అందులో ఉన్నవి. పండుగకు ఇంత గౌరవం రావడం ముదావహం. కాని సాయంకాలం ఊరి నడుమ డీజే పెట్టెలు దింపి, ముద్రిత గీతాన్ని చెవులు చిల్లులు పడేటట్లు వినిపించేసరికి, వలయంలోని స్త్రీలకు పాడవలసిన అవసరమే పోయినది. అడుగు వేస్తారు, చప్పట్లు కొడతారు, పెదవులు కదలవు. ఎత్తుకునే గొంతు పెట్టెలో ఉన్నది. అందుకునే గొంతులు కూడా ఆ పెట్టెలోనే ఉన్నవి. పాట తన ఊపిరి తానే తీసుకొని పోతున్నది గనుక ఎవరి చరణానికీ అందులో సందు లేదు. ఆ అవ్వ మంగోలు పాటను విని అడిగిన ప్రశ్న వెనుక ఈ దిగులు ఉన్నదని మాకు తరువాత బోధపడినది. తన ఊరిలో కూడా ‘అందరు ఒక్కపారే’ అవుతున్నారని ఆమె బాధ.

యంత్రం మీద మాకు ద్వేషం లేదు. రేడియో పెట్టె ముందు కూర్చుండి పెరిగినవారము, యంత్రాన్ని ఏ నోటితో దూషిస్తాము? 1935 నుంచి దక్కన్ రేడియో, 1950 నుంచి దాని స్థానంలో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం పల్లె పాటను పట్టణానికి, పట్టణపు పాటను పల్లెకు చేర్చకపోతే మనలో చాలమందికి ఈ వరసలు తెలిసేవే కావు. వినడం పాడడానికి తోడు కావలెను గాని, దాని చోటును ఆక్రమించకూడదని మాత్రమే మా మనవి.

మంగోలు బృందగానాన్ని చూచి మనము నేర్చుకోవలసినది వారి నాలుగు అంతస్తుల మేడను కాదు. వారు చేసిన మంచి పని మరొకటి ఉన్నది. పరదేశపు పద్ధతిని తెచ్చుకొన్నప్పటికీ, తమ పాటలో ఏది ప్రాణమో దానిని వారు వదలలేదు. వారి పాటకు ప్రాణం విశాలమైన మైదానం, దీర్ఘమైన ఊపిరి, గుఱ్ఱపు నడక. బృందగానంలో ఒకరి ఊపిరి అయిపోయేసరికి మరొకరు అదే స్వరాన్ని నిలుపుతారు గనుక దీర్ఘగీతపు దీర్ఘతకు భంగం లేదు. మన పాటకు ప్రాణం దీర్ఘమైన ఊపిరి కాదు. ఊపిరిని ఒకరి నుంచి ఒకరు అందుకోవడం. కాబట్టి మనము కట్టవలసిన మేడ వేరు.

దీనికి మార్గం చూపినవారు ఐరోపాలోనే ఉన్నారు. ఎస్టోనియా అనే చిన్న దేశంలో ప్రాచీనమైన పల్లె పాట ఒకటి ఉన్నది. ఒకరు చరణం పాడగా, చివరి రెండు మూడు అక్షరాల దగ్గర అందరూ కలసి, అదే చరణాన్ని తిరిగి పాడుతారు. అచ్చముగా మన బతుకమ్మ నడకే! వెల్యో తోర్మిస్ (1930–2017) అనే స్వరకర్త తన జీవితమంతా ఆ పాటల మీద బృందగానాలు రచించినాడు. వాటిలో ఆయన ఈ ఎత్తుకునే, అందుకునే తీరును ఎక్కడా చదును చేయలేదు. ఒక చరణం తోక మీద మరొక చరణం తల మోపడం వల్ల కలిగే కలయికనే ఆయన తన స్వరసంవాదంగా చేసుకొన్నాడు.

అదే దారిలో ఇటీవల మేము రెండవ ప్రయత్నం చేసినాము. ఈసారి ఎవరినీ పట్టణానికి పిలువలేదు. సద్దుల బతుకమ్మ ముందటి సాయంకాలం మేమే ఆ పల్లెకు పోయినాము. వలయం మధ్యలో, పూలగోపురం ఉండవలసిన చోట, ఒక్క మైకును నిలిపినాము. చప్పట్లు కొట్టమన్నాము, నడవమన్నాము. ఊరి భజన బృందంలోని నలుగురు పురుషులను వలయం వెలుపల కూర్చుండబెట్టి, షడ్జమమూ పంచమమూ మాత్రం నోరు మూసి, తంబుర వలె, తెంపులేకుండా పలుకుమన్నాము. మేము చేర్చినది ఇంతే. మొదట పురుషులకు నవ్వు ఆగలేదు. పావుగంట గడిచేసరికి వారి హుంకారం నేలలో నుంచి వస్తున్నట్లు నిలబడినది. దాని మీద అవ్వ గొంతు ఎత్తుకున్నది. అందుకునేవారు తిరుగుతూ మైకుకు దగ్గరగా వస్తున్నారు, దూరంగా పోతున్నారు. అందుచేత ప్రతిసారీ చరణం ఒక క్రొత్త గొంతు ముందుకు వచ్చినట్లు వినబడుతుంది. ఈ చిత్రాన్ని ఏ స్వరకర్తా కాగితం మీద వ్రాయలేడని మాకు తోచినది. తండా యువతి కూడా వలయంలో చేరినది. నడుమ ఒక చోట అవ్వ చరణం మరచి ఆగితే, ఆమె తన భాషలో ఒక చరణం ఎత్తుకున్నది. అర్థం తెలిసినా తెలియకపోయినా అందరూ దానిని అందుకున్నారు.

ముద్రించినదానిని అక్కడే వినిపించినాము. అవ్వ కండ్లు మూసుకొని విన్నది. తాను మరచిన చోటు రాగానే నాలుక కరచుకొని, దానిని తీసివేయమని కోరినది. అది తీసివేస్తే తండా పిల్ల చరణం కూడా పోతుందని చెప్పినాము. కొంచెంసేపు ఆలోచించి, సరే, ఉంచుమన్నది. తరువాత ఆమె అడిగినది ఒక్కటే: “రేడియోల ఎప్పుడొస్తది బిడ్డా? పొద్దుగాల అయితే మేమందరం పత్తి ఏర పోతం. ఎవ్వరు ఇనరు. రాత్రి బువ్వలు తిన్నంక వెయ్యమను.”

ఆ సంగతిని మా పుస్తకంలో వ్రాసుకొని వచ్చినాము.